తాకెడి చేయి – స్వస్థపరచు దేవుడు

పఠన భాగములు: మార్కు 1:40–45, మార్కు 8:22–26, 2 రాజులు 5:1–14, అపొస్తలుల కార్యములు 3:1–16.



యేసు ప్రభువు రోగులను బాగుచేసిన విధములను సువార్తలలో వరుసగా చదివినయెడల ఒక సంగతి మనకు స్పష్టమగును. రోగిని తాకవలసిన అవసరము ఆయనకు లేదు. శతాధిపతి దాసుడు ఇంటిలో మంచము పట్టియుండగా, ప్రభువు దూరమునుండి పలికిన మాటతోనే బాగుపడెను (మత్తయి 8:5–13). పదిమంది కుష్ఠరోగులు దూరముగా నిలిచి మొరపెట్టగా వారిని తాకకయే పంపెను. వారు దారిలోనే శుద్ధులైరి (లూకా 17:11–19). అయినను పేతురు అత్త చేయి ముట్టెను. యాయీరు కుమార్తె చేయి పట్టెను. 18 సంవత్సరములు నడుము వంగియున్న స్త్రీమీద చేతులుంచెను. చెవిటివాని చెవులలో వ్రేళ్లు పెట్టెను. మాట చాలియుండగా చేయి ఎందుకు?

ఈ ప్రశ్న మన గ్రామములకు దూరమైనది కాదు. మన ఇండ్లలో పసిబిడ్డకు నూనె రాచి కాళ్లమీద పరుండబెట్టి నీళ్లు పోయు అవ్వ కలదు. పక్షవాతము వచ్చిన తండ్రి చేయి వంచి చాచు కుమారుడు కలడు. కాళ్లు ఒత్తు కోడలు కలదు. ఆసుపత్రిలో కీళ్లు కదిలించి వ్యాయామము నేర్పు ఫిజియోథెరపిస్టులు కలరు. వీరి చేతుల పని ఎంతవరకు? బాగుచేయువాడు దేవుడైనప్పుడు, సేవచేయు మనిషి పాత్ర ఏమి? దీనిని నాలుగు తలంపులుగా ధ్యానింతము. పరిశుద్ధ గ్రంథము ఎక్కువగా చెప్పినదియు, మన దేశములో చేతుల సేవ మిక్కిలి ఫలించినదియు నగు కుష్ఠువ్యాధినే ఉదాహరణగా తీసికొందము.

1. చేరువగు చేయి

మోషే ధర్మశాస్త్రము ప్రకారము కుష్ఠరోగి పాళెము వెలుపల ప్రత్యేకముగా నివసింపవలెను. తాను అపవిత్రుడనని తానే కేక వేయవలెను (లేవీయకాండము 13:45, 46). అట్టివాడు ప్రభువునొద్దకు వచ్చి మోకాళ్లూనెను. ఇక్కడ క్రమమును గమనించుడి. ప్రభువు మొదట కనికరపడెను, పిమ్మట చేయి చాపి తాకెను, అటుపిమ్మట మాట పలికెను, చివరకు కుష్ఠము విడిచెను. వాడు శుద్ధుడైన తరువాత ప్రభువు వానిని తాకలేదు. మచ్చలు ఒంటిమీద ఉండగానే తాకెను. శక్తి ప్రసరించుటకు ఆ స్పర్శ అవసరము కాదు. ఎన్నో ఏండ్లుగా మనిషి చేయి తగులని ఆ మనుష్యునికే అది అవసరము.

పాల్ బ్రాండ్ అను వైద్యుని గూర్చి మనలో కొందరు వినియుందురు. ఆయన 1914లో తమిళ దేశములోని కొల్లిమల కొండలమీద మిషనరీల ఇంట పుట్టెను. వైద్యము చదువకముందు ఇంగ్లాండులో వడ్రంగము, తాపీపని నేర్చెను. 1946లో రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చెను. ఒకనాడు ఆయన ఒక యౌవనస్థుడైన కుష్ఠరోగిని పరీక్షించి, జబ్బు ముదరకుండ ఆపవచ్చునని చెప్పుచు, వాని భుజముమీద చేయి వేసెను. వాడు వెక్కివెక్కి ఏడ్వసాగెను. తన మాటలో ఏమి తప్పు దొరలెనోయని వైద్యుడు కలవరపడి, తోడి పనివారిని అడిగెను. ఇక్కడికి వచ్చువరకు ఎన్నో ఏండ్లుగా ఎవరును తన్ను తాకలేదనియు, వైద్యుడు భుజముమీద చేయి వేసినందున ఏడ్చుచున్నాడనియు వారు చెప్పిరి. ఆ చేతిలో మందు లేదు. అయినను ఆ యువకునిలో ఒక గాయము ఆ గడియనే మానసాగెను.

భయపడవలసిన పని లేదని నేటి వైద్యశాస్త్రము మనకు నేర్పుచున్నది. ఈ వ్యాధి శాపము కాదు, వంశపాపము కాదు. దానికి కారణమైన సూక్ష్మక్రిమిని నార్వే దేశస్థుడైన హాన్సెన్ అను వైద్యుడు 1873లో కనుగొనెను. మనుష్యులలో అత్యధికులకు దీనిని ఎదిరించు శక్తి పుట్టుకతోనే కలదు. మందు వాడని రోగితో బహుకాలము దగ్గరగా నివసించినవారికే ఇది సాధారణముగా సోకును; చేయి కలిపినంత మాత్రమున, ఒకే చాపమీద కూర్చున్నంత మాత్రమున సోకదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా దొరకును. వ్యాధి తీరును బట్టి 6 నెలలు గాని 12 నెలలు గాని వాడవలెను. మందు మొదలుపెట్టిన కొద్దికాలములోనే రోగినుండి ఇతరులకు సోకుట ఆగిపోవును.

2. చూచి తెలిసికొను చేయి

బేత్సయిదాలో ప్రభువు ఒక గ్రుడ్డివానిని చేయి పట్టుకొని ఊరి వెలుపలికి తోడుకొనిపోయెను. చేతులుంచిన పిమ్మట, నీకేమైన కనబడుచున్నదా అని వానినే అడిగెను. మనుష్యులు చెట్లవలె కనబడుచున్నారని వాడు ఉన్నదున్నట్లు చెప్పెను. ప్రభువు మరల చేతులుంచగా వాడు తేటగా చూచెను. సర్వము ఎరిగిన ప్రభువే రోగిని అడిగి, వాని జవాబు ఆలకించినప్పుడు, ఏమియు ఎరుగని మనము అడుగకుండ ఒత్తుట, లాగుట తగునా?

మంచి సేవకుని చేయి మొదట నేర్చుకొనును, పిమ్మట పనిచేయును. కుష్ఠు పరీక్షలో నేటికిని ఇట్లే జరుగును. ఆరోగ్య కార్యకర్త రోగి మోచేతి లోపలి ప్రక్క, ఎముక వెనుక నుండు నరమును వ్రేళ్ల కొనలతో మెల్లగా తడిమి, అది లావెక్కెనా, నొప్పిగా నున్నదా అని రోగి ముఖము చూచుచు తెలిసికొనును. పాలిపోయిన మచ్చమీద మెత్తగా తాకి, స్పర్శ తెలియుచున్నదా అని అడుగును.

1947లో బ్రాండ్ గారు చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమమునకు పోయి, వ్రేళ్లు కొంకర్లు పోయిన ఒక రోగిని తన చేయి పట్టుకొని గట్టిగా పిసుకుమనెను. ఆ పట్టుకు వైద్యుని చేయి నొప్పి పుట్టెను. చచ్చిపోయినదని లోకము విడిచిన ఆ చేతిలో బలమైన కండరములు ఇంకను జీవించియున్నవి! కంటికి కనబడనిది చేతికి తెలిసెను. అక్కడనుండియే ఆయన జీవితకార్యము మొదలాయెను.

ఆయనయు తోడి పనివారును ఓపికగా గమనించి మరియొక సంగతి లోకమునకు తెలిపిరి. కుష్ఠువలన వ్రేళ్లు వాటంతట అవి రాలిపోవు. నరములు చెడి నొప్పి తెలియక పోవుటచేత, పొయ్యిమీది వేడి కుండ పట్టుకొనినను, ముల్లు గ్రుచ్చుకొని నడచినను రోగికి తెలియదు. కొందరి వ్రేళ్లను రాత్రి నిద్రలో ఎలుకలు కొరికినను వారు మేల్కొనలేదు; అందుచేత రోగులకు పిల్లులను పెంచుకొన నిచ్చిరి. నొప్పి యనునది దేవుడు దేహమునకు పెట్టిన కావలివాడు. ఆ కావలివాడు లేనిచోట తోడివాని కన్నును చేయియు కావలి కాయవలెను.

3. ఓపికగల చేయి

రాయవేలూరులో బ్రాండ్ గారు చేసిన శస్త్రచికిత్స సంగతి ఇట్టిది. ముంజేతిలో బాగుగా పనిచేయు కండరపు స్నాయువును తీసి, పని మానిన వ్రేళ్లకు కలుపుదురు. వినుటకు ఇది గొప్ప కార్యము. అయితే గట్టిపడిన వ్రేళ్లకు ఈ శస్త్రచికిత్స నేరుగా పనికిరాదు. దానికి ముందు అనేక దినములు చేయి నీళ్లలో నానబెట్టి, నూనె రాచి, ఒక్కొక్క వ్రేలిని మెల్లమెల్లగా సాగదీయవలెను. శస్త్రచికిత్స పిమ్మట సుమారు 3 వారములు పిండికట్టు ఉండును. కట్టు విప్పిన తరువాత, ఒక పని ఎరిగిన కండరమునకు మరియొక పని నేర్పవలెను. పసిబిడ్డకు నడక నేర్పినట్లు, ఫిజియోథెరపిస్టు రోగి ప్రక్కన కూర్చుండి దినదినము నేర్పును. శస్త్రవైద్యుని పని గంటలలో ముగియును. మెత్తని చేతుల పని వారములు, నెలలు సాగును. ఒకటి లేక రెండవది వ్యర్థము. పత్రికలలో పేరు వైద్యునికి రావచ్చును గాని, ప్రభువు గ్రంథములో రెండు పేర్లును ఉండునని మేము నమ్ముచున్నాము.

మన తెలుగు దేశములోను ఇట్టి సేవ నాటబడెను. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలును ఆమె భర్త జార్జి కెర్ గారును 1915లో కుష్ఠు ఆసుపత్రి తెరచిరి. ఆ దినములలో మందుబిళ్లలు లేవు. చాల్‌మూగ్రా నూనెను సూదితో ఎక్కించుచుండిరి, అది మిక్కిలి బాధాకరము. అట్టి కాలమున రోగులు ఆ చికిత్సకు నిలిచిరనగా, సేవకుల ఓర్పును రోగుల ఓర్పును కలిసియే నిలిచెనని గ్రహింపవలెను.

ఈ ఓపిక ఆసుపత్రికి మాత్రమే చెందినది కాదు. మందు పూర్తిచేసి వ్యాధి పోయినవారికిని మొద్దుబారిన చేతులు, కాళ్లు మిగిలియుండవచ్చును. వారికి ఇంటిలో ప్రతిదినము చేయవలసిన సేవ ఇది:

(అ) చూచుట. సాయంకాలము వెలుతురు ఉండగానే అరచేతులు, అరికాళ్లు, వ్రేళ్ల సందులు చూడవలెను. బొబ్బ, ఎరుపు, వాపు, పగులు ఉన్నదేమో వెదకవలెను.

(ఆ) నానబెట్టుట. బేసినులో చల్లని మామూలు నీళ్లు పోసి సుమారు 20 నిమిషములు చేతులు, కాళ్లు ఉంచవలెను. వేడినీళ్లు పనికిరావు.

(ఇ) గీకుట. నానిన ఆనెకాయలను గరుకు రాతితో మెల్లగా రుద్దవలెను. కత్తితో కోయరాదు.

(ఈ) నూనె రాయుట. పూర్తిగా తుడువక, తడి ఉండగానే కొబ్బరినూనె గాని నువ్వులనూనె గాని రాయవలెను. చర్మములోని తడిని నూనె నిలుపును, పగుళ్లు తగ్గును.

(ఉ) చాచుట. కొంకర్లు పోయిన చేతిని వెల్లకిలగా తొడమీద ఉంచి, రెండవ చేతితో అరచేతినుండి వ్రేళ్ల కొనలవరకు మెల్లగా నిమిరి వ్రేళ్లను తిన్నగా చేయవలెను. ఇట్లు పలుమార్లు చేయవలెను. బలవంతముగా లాగరాదు. పుండు గాని, కీలు ముడుతలో పగులు గాని ఉన్నయెడల అది మానువరకు ఆగవలెను.

మా సంఘములలో ఒక దానియందు, మందు ముగించిన భర్తకు ప్రతి సాయంకాలము అరుగుమీద ఈ సేవ చేయు సహోదరి కలదు. ఆమె చదువుకొనలేదు. ఎన్నాళ్లుగా చేయుచున్నావమ్మా అని అడుగగా, “లెక్క పెట్టలేదయ్యగారూ. రోజూ అన్నం వండేది లెక్క పెడతామా?” అనెను. ఆ భర్త వ్రేళ్లు నేటికి కలుపుగోరు పట్టుచున్నవి. ఇది ఆశ్చర్యకార్యము కాదని కొందరనవచ్చును. దినదినము అన్నము పెట్టు దేవుని కార్యము ఆశ్చర్యము కానియెడల ఇదియు కాదు.

4. హద్దు తెలిసిన చేయి

సిరియా సేనాధిపతియైన నయమాను కోరినదేమి? ప్రవక్త బయటికి వచ్చి, తన రోగస్థలముపై చేయి ఆడించి మాన్పునని అతడు తలంచెను. ఎలీషా బయటికే రాలేదు. యొర్దానులో ఏడుమారులు మునుగుమని కబురు పంపెను. ఎందుకు? తన చేతిలో మహిమ యున్నదని ఎవరును అనుకొనకుండునట్లు. నయమానును బాగుపరచుటలో మనుష్యుల పని ఎట్లు పంచబడెనో చూడుడి. ఒక చిన్నది దారి చూపెను. ప్రవక్త కబురు చెప్పెను. దాసులు, నాయనా అని బుజ్జగించి ఒప్పించిరి. బాగుచేసినవాడు దేవుడు.

దేవాలయపు ద్వారమునొద్ద పేతురు కుంటివాని కుడిచేయి పట్టి లేవనెత్తెను. జనులు గుమిగూడగా, మా సొంత శక్తిచేత ఇది జరిగినట్లు మావైపు ఎందుకు చూచుచున్నారని వారిని అడిగెను (అపొ. కార్యములు 3:12). చేయి ఇచ్చుట పేతురు పని. చేయి వెనుకకు తీసికొని ప్రభువును చూపుటయు అతని పనియే. తన చేతిలో ప్రత్యేక శక్తి యున్నదని చాటించి, పేదలయొద్ద సొమ్ము తీసికొని, మందు మానివేయుమని చెప్పువారు మన పల్లెలలో తిరుగుచున్నారు. వారి మాట నమ్మి మందు మానినవారి చేతులు చెడిపోవుచున్నవి. ప్రార్థన చేయుడి, బిళ్లలు మానకుడి. లూకాను ప్రియమైన వైద్యుడని పౌలు పిలిచెను (కొలొస్సయులకు 4:14). ప్రార్థనకును వైద్యమునకును వైరము లేదు.

మెత్తని సేవయు తప్పుచోట హాని చేయును గనుక ఈ క్రింది సంగతులు ఇంటింట చెప్పుడి.

స్పర్శ లేని కాలికి వేడి ఇటుకతోగాని వేడినీళ్లతోగాని కాపడము పెట్టరాదు. కాలినను తెలియదు, చిన్న బొబ్బ పెద్ద పుండగును. ఈ మాట మధుమేహము, అనగా షుగరు జబ్బు, గలవారికిని చెల్లును. కుష్ఠు ఎరుగని ఇండ్లలోను నేడు షుగరువలన మొద్దుబారిన పాదములు అనేకము కలవు. వారికిని ప్రతిదినము పాదములు చూచుట, మెత్తని రబ్బరు అడుగుగల చెప్పులు వేసికొనుట అవసరము. వారి ఆనెకాయలను మాత్రము ఇంటిలో గీకక వైద్యునికే చూపవలెను.

కుష్ఠుకు మందు వాడుచుండగాను, ముగించిన తరువాతను కొందరికి చేయి ఎర్రబడి వాచి, నరము నొప్పి పుట్టి, పట్టు తగ్గును. అప్పుడు మర్దన చేయరాదు. చేతికి విశ్రాంతినిచ్చి, ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. సకాలమున మందు దొరకినయెడల చేతిని కాపాడవచ్చును.

ఒక కాలి పిక్క హఠాత్తుగా వాచి నొప్పిపెట్టిన యెడల ఒత్తరాదు. లోపల గడ్డకట్టిన రక్తము కదలి ప్రాణమునకే ముప్పు రావచ్చును. పడిపోయి ఎముక విరిగెనని తోచినచో లాగరాదు, రుద్దరాదు. పక్షవాతము వచ్చినవారిని బలహీనమైన చేయి పట్టి లేవనెత్తరాదు. భుజపు కీలు జారును.

మరియు రోగి అనుమతి లేక తాకరాదు. స్త్రీకి స్త్రీయే సేవచేయుట, మర్యాద కాపాడుట, రోగి చెప్పిన సంగతులను బావియొద్ద చెప్పకుండుట, ఇవియు సేవలో భాగములే.

మన సంఘములకు అన్వయము

2005 సంవత్సరాంతమున మన దేశములో కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా నిర్మూలనమైనదని ప్రకటింపబడెను. దేశమంతటిని లెక్కించినప్పుడు పదివేలమందికి ఒక్కరికంటె తక్కువ యుండిరని ఆ మాటకు అర్థము; వ్యాధి బొత్తిగా పోయినదని కాదు. నేటికిని మన దేశములో ఏటేట సుమారు లక్షమందిలో ఇది క్రొత్తగా కనుగొనబడుచున్నది. 2019లో పార్లమెంటు చట్టము చేసి, విడాకులకు కుష్ఠును కారణముగా చూపు మాటను తీసివేసెను. క్రైస్తవుల వివాహములకు వర్తించు 1869 నాటి విడాకుల చట్టమునుండియు అది తొలగెను. దేశపు చట్టము మారినది. మన కూర్చుండు వరుసలు మారినవా?

మేము చూచిన కొన్ని సంఘములలో, మందు ముగించి ఎన్నో ఏండ్లైనవారు నేటికిని గుడి ద్వారమునొద్దనే కూర్చుందురు. ప్రభువు బల్లయొద్దకు చివరనే వత్తురు. వారిని అక్కడ కూర్చుండుమని ఎవరును నోట చెప్పలేదు. ప్రక్కన కూర్చుండుమని కూడ ఎవరును చెప్పలేదు. ఇది చూచిన యౌవనస్థుడు తన వీపుమీద స్పర్శలేని మచ్చను గమనించినయెడల ఏమి చేయును? చొక్కా క్రింద దాచును. ఏడాది, రెండేండ్లు దాచును. అంతలో నరములు చెడును. మందు మన ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఉచితముగా నున్నను వాని చేయి పోవును. ఆ చేతిని పోగొట్టినది క్రిమి ఒక్కటియే కాదు, మన ఎడము కూడ. ద్వారమునొద్దనున్న సహోదరుని మనము చేయిపట్టి ముందు వరుసకు తెచ్చిన దినమున, వెనుక వరుసలోని ఆ యౌవనస్థుడు తన మచ్చను చూపుటకు ధైర్యము తెచ్చుకొనును.

ప్రభువు కుష్ఠరోగిని తాకినవెంటనే విడిచిపెట్టక, యాజకునికి కనుపరచుకొనుమని పంపెను (మార్కు 1:44). ఆ మనుష్యుడు మరల ఇంటిలోను, ఊరిలోను, ఆరాధనలోను చేరుటకు అదియే మార్గము. సంఘము వానిని చేర్చుకొనువరకు ఆ పని పూర్తికాదు. ఆసుపత్రి చర్మమును, నరమును చూచును. చేర్చుకొనుట మన వంతు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మాటతోనే బాగుచేయగల ప్రభువు కుష్ఠరోగిని ఎందుకు తాకెను? ఆయన చేసిన పనుల క్రమమును చెప్పుడి.
2. నయమాను బాగుపడుటలో చిన్నది, ప్రవక్త, దాసులు చేసిన పనులేవి? మీ ఇంటి రోగి విషయములో మీరు వీరిలో ఎవరివంటివారు?
3. స్పర్శలేని పాదమునకు కాపడము ఎందుకు పెట్టరాదు? ఈ సంగతి తెలియనివారు మీ వీధిలో ఎవరు?
4. మన గుడిలో ద్వారమునొద్ద కూర్చుండువారు ఎవరు? వచ్చే ఆదివారము వారిప్రక్క ఎవరు కూర్చుందురు?

ఈ నెల చేయదగిన పని

స్త్రీల సమాజమువారు ఆశా కార్యకర్తనుగాని ఆరోగ్య కేంద్రపు నర్సునుగాని ఒక కూటమునకు పిలిచి, చేతులు, పాదముల సంరక్షణ నేర్చుకొనవలెను. యౌవనస్థులు మంచము పట్టినవారి ఇండ్లు దర్శించి, అలసిన కుటుంబమువారికి ఒక పూట విశ్రాంతి కలుగజేయవలెను.

ప్రార్థన

కనికరముగల ప్రభువా, ఎవరును తాకనివానిని నీవు తాకితివి. మా చేతులలోని భయమును, తొందరను, గర్వమును తీసివేయుము. రోగుల ప్రక్కన దినదినము అలసిపోవు తల్లులకు, భార్యలకు, కుమారులకు, నర్సులకు ఓపిక దయచేయుము. మేము నూనె రాచునప్పుడు బాగుచేయువాడవు నీవేయని మరువకుందుము గాక. దాగియున్నవారు ధైర్యముతో బయటికి వచ్చునట్లు మా సంఘమును చేరువైన చోటుగా చేయుము. ఆమేన్.